డిఫ్లెక్ట్ అనే ఇంగ్లిష్ మాటను సరిగ్గా వాడడం ఎలా? అర్థం నుంచి అనువాదం దాకా సమగ్ర మార్గదర్శి

నిఘంటువులో డిఫ్లెక్ట్‌కు ఎదురుగా ‘మళ్లించు, పక్కకు తిప్పు, వంచు’ అన్న అర్థాలు కనిపిస్తాయి. వాటిలో తప్పేమీ లేదు. అయినా ఆ మూడింటినే నమ్ముకుని ఇంగ్లిష్ వాక్యం రాయబోతే చాలా చోట్ల బోల్తా పడతాం. చిక్కు మన ‘మళ్లించు’లోనే ఉంది. నీళ్లు మళ్లిస్తాం, వాహనాలు మళ్లిస్తాం, నిధులు మళ్లించారని ఆరోపిస్తాం, మాట మళ్లిస్తాం, చివరికి ఎదుటివారి మనసు కూడా మళ్లిస్తాం. ఇంత పెద్ద కుటుంబాన్ని తెలుగు ఒక్క క్రియతో పోషిస్తుంది. ఇంగ్లిష్ అలా కాదు, పనిని బట్టి మాటను విడగొడుతుంది. డిఫ్లెక్ట్‌కు ఆ పంపకంలో ఏ వాటా వచ్చిందో తెలిస్తే మిగతాదంతా సులువే.

మొదటి మెట్టు: మూడు పాత్రలు ఉన్నాయా చూడండి

డిఫ్లెక్ట్ అనదగిన సన్నివేశంలో మూడు పాత్రలు ఉంటాయి. మొదటిది ఒక దిశలో వస్తున్న వస్తువు. అది బంతి, బాణం, కాంతి కిరణం కావచ్చు, ప్రశ్న, నింద, పొగడ్త కూడా కావచ్చు. రెండోది దానికి అడ్డుగా తగిలేది, లేదా దాన్ని పక్కకు లాగే బలం. డాలు, బ్యాటు అంచు, అయస్కాంతం, చురుకైన ఎదురు ప్రశ్న ఈ కోవలోకి వస్తాయి. మూడోది, ఆ తగలడం వల్ల ఏర్పడిన కొత్త దిశ.

ఈ మూడింటిలో ఏది లోపించినా వేరే మాట వెతుక్కోవాలి. వస్తున్నది అక్కడికక్కడే ఆగిపోతే అది బ్లాక్ చేయడం. ఎదురు తిరిగి వెనక్కి పోతే రిపెల్ అనో మరొకటో అనాలి. ఆగకుండా, వెనక్కి పోకుండా, అనుకున్న గీత తప్పి పక్కకు సాగితేనే డిఫ్లెక్ట్.

చేసేవారికి ఉద్దేశం ఉండాలన్న నియమం మాత్రం లేదు. దీన్ని ఆటల్లో స్పష్టంగా చూడవచ్చు. ఫుట్‌బాల్‌లో డిఫ్లెక్టెడ్ గోల్ అంటే, కొట్టిన బంతి దారిలో ఎవరి కాలికో తగిలి దిశ మారి గోల్‌లోకి పోయిందని అర్థం. ఆ కాలు చాలాసార్లు గోల్ ఆపడానికి వచ్చిన డిఫెండర్‌దే అవుతుంది. క్రికెట్‌లో బ్యాటర్ నేరుగా కొట్టిన బంతి బౌలర్ వేళ్లకు తగిలి అవతలి వికెట్లను పడగొడుతుంది. ఆ క్షణంలో నాన్‌స్ట్రైకర్ క్రీజు బయట ఉంటే రనౌటే. బౌలర్‌కు అలాంటి ఆలోచనే లేకపోయినా అది డిఫ్లెక్షనే. లెగ్ గ్లాన్స్ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడ బ్యాటర్ కావాలనే, బంతి వేగాన్నే వాడుకుంటూ దాని దిశ మారుస్తాడు. హాకీలో పెనాల్టీ కార్నర్ వేళ గోల్ ముందున్న ఆటగాడు స్టిక్‌ను ఊరికే తాకించి గోల్ చేయడమూ అంతే. ఒకటి ప్రమాదం, ఒకటి విద్య. మాట మాత్రం రెండింటికీ ఒక్కటే.

రెండో మెట్టు: డైవర్ట్ నుంచి విడదీయండి

ఈ మాటతో తెలుగువాళ్లకు వచ్చే తిప్పలన్నీ దాదాపు ఇక్కడే పుడతాయి కాబట్టి ఈ మెట్టు మీద తొందరపడకండి.

డైవర్ట్‌లో చూపు వెళ్లాల్సిన చోటు మీద ఉంటుంది. వాతావరణం బాగాలేక విమానాన్ని మరో విమానాశ్రయానికి పంపితే డైవర్ట్ చేసినట్టు. నదీ జలాలను కాలువలోకి పంపినా, ఒక పద్దు సొమ్మును మరో పద్దుకు తరలించినా, రోడ్డు పని జరుగుతోందని వాహనాలను పక్క వీధిలోకి పంపినా అదే మాట. పంపేవారి దగ్గర ఒక పథకం, పోయేవారికి ఒక దారి ఉంటాయి. డిఫ్లెక్ట్‌లో చూపు తప్పిపోయిన గురి మీద ఉంటుంది. ఖడ్గం వేటును డాలుతో పక్కకు తోసేవాడికి ఆ ఖడ్గం ఎటు పోయిందన్నది పట్టదు, తన మెడ మీద పడకుంటే చాలు.

అందుకే నిధుల మళ్లింపును డిఫ్లెక్ట్ అంటే ఇంగ్లిష్ చదివేవారికి నవ్వు వస్తుంది. డబ్బేదో ఎగిరి వస్తుంటే ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు వినిపిస్తుంది.

రెండూ పక్కపక్కన నడిచే చోటు కూడా ఒకటి ఉంది: దృష్టి మళ్లించడం. అటెన్షన్ అన్న మాట ముందు డైవర్ట్ కూడా వస్తుంది, డిఫ్లెక్ట్ కూడా వస్తుంది. అయినా తేడా పూర్తిగా చెరిగిపోదు. ఇంద్రజాలికుడు మన చూపును కుడిచేతి మీదకు పంపి ఎడమచేత్తో పని కానిస్తే డైవర్ట్ బాగా అతుకుతుంది. తన తప్పు బయటపడుతుందని భయపడే అధికారి అందరి చూపూ తన మీద నుంచి తప్పిస్తే డిఫ్లెక్ట్ బాగుంటుంది. ఇదే వరుసలో డిస్ట్రాక్ట్ కూడా ఉంది గానీ దాని వ్యాకరణం వేరు. డిస్ట్రాక్ట్ అయ్యేది మనిషి, డిఫ్లెక్ట్ అయ్యేది అతని దృష్టి. కర్మ స్థానంలో మనిషి ఉన్నాడా, దృష్టి ఉందా చూసుకుంటే పొరపాటు జరగదు.

ఈ రెండు మాటలూ ఒకే శాస్త్రంలో వేర్వేరు పారిభాషిక పదాలుగా స్థిరపడిన ఉదాహరణ అర్థశాస్త్రంలో దొరుకుతుంది. కొన్ని దేశాలు తమలో తాము సుంకాలు ఎత్తివేసుకున్నాక, చౌకగా తయారుచేసే బయటి దేశాన్ని వదిలి, సుంకం లేదు కాబట్టి కూటమి లోపలి దేశం దగ్గర కొనడం ట్రేడ్ డైవర్షన్. బయటి సరుకు, కూటమిలో ఎక్కడ సుంకం తక్కువో ఆ దేశం గుండా ప్రవేశించి అక్కడి నుంచి మిగతా దేశాలకు చేరడం ట్రేడ్ డిఫ్లెక్షన్. రెండింటినీ తెలుగులో ‘వాణిజ్య మళ్లింపు’ అని రాస్తే పాఠకుడు నిలువునా మునుగుతాడు.

మూడో మెట్టు: ‘తప్పించు’, ‘తప్పించుకొను’ తేడా వాడుకోండి

‘మళ్లించు’ మనల్ని ఇబ్బంది పెడితే, ‘తప్పించు’ ఆదుకుంటుంది. దెబ్బను తప్పించడం వేరు, దెబ్బ నుంచి తప్పించుకోవడం వేరు. మొదటిదానిలో దెబ్బ దారి మారుతుంది, రెండోదానిలో మనిషి చోటు మారతాడు. ఇంగ్లిష్‌లో మొదటిది డిఫ్లెక్ట్, రెండోది డాడ్జ్ లేదా ఇవేడ్.

బౌన్సర్ వస్తే తల వంచిన బ్యాటర్ డాడ్జ్ చేశాడు, గ్లవ్‌తో తాకించి పక్కకు పంపినవాడు డిఫ్లెక్ట్ చేశాడు. ప్రశ్నల విషయంలోనూ అంతే. జవాబు చెప్పకుండా జారుకుంటే ప్రశ్నను ఇవేడ్ చేసినట్టు. ప్రశ్నను అందుకుని, దాన్ని మరొకరి వైపో మరో విషయం వైపో తోసేస్తే డిఫ్లెక్ట్ చేసినట్టు. మాటలతో చేసే కత్తిసాములో పారీ అన్న మాట కూడా ఉంది. అది కత్తియుద్ధం నుంచి వచ్చింది, డిఫ్లెక్ట్‌కు దగ్గరి చుట్టం. కాస్త నేర్పు, చమత్కారం ఉన్న చోట ఇంగ్లిష్ రచయితలు దాన్ని ఇష్టపడతారు.

నాలుగో మెట్టు: ఒకేలా వినిపించే మాటలను వేరు చేయండి

డిఫ్లెక్ట్‌కు మూలం లాటిన్. ‘ఫ్లెక్టెరె’ అంటే వంచడం, ముందున్న ‘డే’ అంటే దూరంగా, పక్కకు. ఇంగ్లిష్‌లోకి ఇది 16వ శతాబ్దంలో వచ్చింది. అదే ధాతువు నుంచి ఫ్లెక్సిబుల్, రిఫ్లెక్ట్, ఇన్‌ఫ్లెక్షన్, అక్షరం నెత్తిన టోపీలా కూర్చునే సర్కమ్‌ఫ్లెక్స్ గుర్తు, మోకాలు వంచి నమస్కరించడాన్ని చెప్పే జెన్యూఫ్లెక్ట్ పుట్టాయి. రిఫ్రాక్ట్, డిఫ్రాక్ట్ మాత్రం ఈ ఇంటివి కావు. వాటి మూలధాతువుకు విరగడం అని అర్థం.

భౌతికశాస్త్రం చదివేవారు ఈ నాలుగింటినీ తెలుగు పారిభాషిక పదాలతో జతచేసుకుంటే గందరగోళం ఉండదు. ఉపరితలం మీద పడి తిరిగి రావడం రిఫ్లెక్షన్, పరావర్తనం. ఒక యానకం నుంచి మరో యానకంలోకి పోతూ వంగడం రిఫ్రాక్షన్, వక్రీభవనం. అంచుల దగ్గర, సన్నని చీలికల దగ్గర తరంగం వ్యాపించడం డిఫ్రాక్షన్, వివర్తనం. ఏదైనా బలం వల్ల దారి నుంచి లేదా నిలిచిన స్థానం నుంచి పక్కకు జరగడం డిఫ్లెక్షన్, అపవర్తనం. పట్టకం పాఠంలో వచ్చే డీవియేషన్‌కు విచలనం అన్న పేరు విడిగా ఉంది.

మామూలు రాతలో డీవియేట్ దాదాపు ఎప్పుడూ కర్మ లేకుండా, తనంతట తాను దారి తప్పడాన్ని చెబుతుంది. వక్త అసలు విషయం నుంచి పక్కకు పోతే డీవియేట్ అయ్యాడు. శ్రోత అడ్డు ప్రశ్న వేసి అతన్ని పక్కకు లాగితే డిఫ్లెక్ట్ చేశాడు.

అయిదో మెట్టు: వాక్యంలో కూర్చండి

ముందు ఉచ్చారణ. ఊనిక రెండో అక్షరం మీద, ‘ఫ్లెక్ట్’ మీద పడుతుంది. మొదటి ‘డి’ని సాగదీయనక్కర లేదు. చివర ‘ఉ’ చేర్చి డిఫ్లెక్టు అనడం మనకు అలవాటు. తెలుగు వాక్యంలో అది సహజమే, ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు వదిలేయాలి.

దీన్ని రెండు విధాలా వాడవచ్చు. కర్మతో వాడితే “ద షీల్డ్ డిఫ్లెక్టెడ్ ది యారో”, అంటే డాలు బాణాన్ని పక్కకు తప్పించింది. కర్మ లేకుండా వాడితే “ద బాల్ డిఫ్లెక్టెడ్ ఆఫ్ ద పోస్ట్”, అంటే బంతి గోల్ స్తంభానికి తగిలి దిశ మారింది. కర్మణి రూపం విజ్ఞానశాస్త్ర రచనల్లో మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

వెంట వచ్చే విభక్తి మాటల దగ్గరే అసలు పరీక్ష. దేనికి తగిలిందో చెప్పడానికి ‘ఆఫ్’ (రెండు ‘ఎఫ్’లు ఉన్నది). ఏ దారి నుంచి, ఏ లక్ష్యం నుంచి తప్పిందో చెప్పడానికి ‘ఫ్రమ్’. ఎక్కడికి పోయిపడిందో చెప్పడానికి ‘ఇంటూ’ లేదా ‘ఆంటూ’. దేనివల్లనో చెప్పడానికి ‘బై’. గమ్యం అవసరం లేదన్నాం గానీ, చెప్పకూడదని కాదు. నిందను ఇంకొకరి మీదకు నెట్టినప్పుడు ఆ ఇంకొకరి పేరు ముందు ‘ఆంటూ’ రావడం మామూలే.

మనిషినే కర్మగా పెట్టే వాడుక ఒకటి ఉంది, అది కాస్త గంభీరమైన రాతకే పరిమితం. “నథింగ్ కుడ్ డిఫ్లెక్ట్ హర్ ఫ్రమ్ హర్ పర్పస్” అంటే ఆమె సంకల్పం నుంచి ఆమెను ఏదీ మళ్లించలేకపోయింది. ఇక్కడ మన ‘మళ్లించు’ చక్కగా సరిపోతుంది.

నామవాచకం డిఫ్లెక్షన్. పాత బ్రిటిష్ పుస్తకాల్లో దాన్ని ‘ఎక్స్’ అక్షరంతో రాసిన రూపం కనిపిస్తుంది, అర్థం అదే. దారి మళ్లించే పరికరం డిఫ్లెక్టర్. వృక్షశాస్త్రంలో డిఫ్లెక్స్‌డ్ అంటే కిందికి బాగా వంగిన రేకో రక్షకపత్రమో, అక్కడ కదిలే వస్తువేదీ ఉండదు.

ఆరో మెట్టు: శాస్త్రంలో అది ఒక కొలత అని గుర్తించండి

మామూలు వాడుకలో డిఫ్లెక్షన్ ఒక పని. ప్రయోగశాలలో అది ఒక కొలత. ఈ మార్పు గమనించకపోతే పాఠ్యపుస్తకం వాక్యాలు అర్థం కావు.

1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్, తీగలో విద్యుత్తు పారినప్పుడు పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. విద్యుత్తుకూ అయస్కాంతత్వానికీ ఉన్న బంధం బయటపడింది ఆ ముల్లు డిఫ్లెక్షన్‌తోనే. తరువాత విద్యుత్తును కొలిచే గాల్వనామీటర్లు వచ్చాయి. ముల్లు ఎంత తిరిగితే విద్యుత్తు అంత. ఫుల్ స్కేల్ డిఫ్లెక్షన్ అంటే ముల్లు కొలబద్ద చివరి గీత దాకా వెళ్లడం. 1897లో బ్రిటిష్ శాస్త్రవేత్త జె.జె. థామ్సన్, గాలి తోడేసిన గాజుగొట్టంలో రుణధ్రువం నుంచి వెలువడే కాథోడ్ కిరణాలను విద్యుత్ క్షేత్రంతో వంచి చూపాడు. అంతకుముందు జర్మన్ శాస్త్రవేత్త హెర్ట్జ్ ప్రయత్నించినప్పుడు ఆ వంపు కనిపించలేదు. థామ్సన్ గొట్టంలోని గాలిని మరింతగా తోడేయడంతో కనిపించింది. ఆ కిరణాలు రుణావేశం గల కణాలని, వాటినే మనం ఎలక్ట్రాన్‌లంటున్నామని తేలడానికి ఈ డిఫ్లెక్షన్ పెద్ద ఆధారం. పాత టీవీల గాజుగొట్టం మెడ చుట్టూ ఉండే తీగచుట్టలు చేసిందీ ఇదే పని. ఎలక్ట్రాన్ పుంజాన్ని అడ్డంగా, నిలువుగా వంచుతూ తెర మీద బొమ్మ గీసేవి.

కొలత ఎంత చిన్నదైనా ఎంత పెద్ద సంగతి చెప్పగలదో 1919 మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం చూపింది. సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే నక్షత్రకాంతి 1.75 ఆర్క్ సెకన్లు వంగాలని ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెప్పింది. న్యూటన్ లెక్క ప్రకారం వచ్చేది అందులో సగమే. ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. ఆఫ్రికా తీరంలోని ప్రిన్సిపె దీవిలో, బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో తీసిన ఫొటోలను కొలిచి, ఫలితం ఐన్‌స్టీన్ వైపే ఉందని బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్తలు ఎడింగ్టన్, డైసన్‌ల బృందం ప్రకటించింది. ఈ సందర్భంలో ఇంగ్లిష్‌లో వాడే మాట డిఫ్లెక్షనే. రిఫ్రాక్షన్ అనకూడదు. వంచింది గాజో గాలో కాదు, గురుత్వం.

మన కాలపు ఉదాహరణ డార్ట్ (డబుల్ ఆస్టరాయిడ్ రీడైరెక్షన్ టెస్ట్). 2022 సెప్టెంబర్ 26న నాసా ఒక అంతరిక్ష నౌకను, సుమారు 160 మీటర్ల డైమోర్ఫోస్ అనే చిన్న గ్రహశకలానికి కావాలనే గుద్దించింది. డిడిమోస్ అనే పెద్ద శకలం చుట్టూ అది తిరిగే కాలం 11 గంటల 55 నిమిషాల నుంచి 11 గంటల 23 నిమిషాలకు తగ్గింది. భూమికి ముప్పుగా వచ్చే శకలాన్ని ఇలా పక్కకు తప్పించే విద్యను ఆస్టరాయిడ్ డిఫ్లెక్షన్ అంటారు. అసలు తర్కం రెండో మెట్టులో చెప్పిందే: శకలం ఎటు పోతుందన్నది కాదు, భూమికి తగలకపోవడమే కావలసింది. అయితే డార్ట్ అన్న పొడి అక్షరాల పేరులో ఉన్న మాట రీడైరెక్షన్.

ఇక ఇంజనీరింగ్. ఇక్కడ మూడు పాత్రల సూత్రం కాస్త తడబడుతుంది. గోడ నుంచి గోడకు వేసిన దూలం ఎటూ ప్రయాణించడం లేదు కదా, దానికి డిఫ్లెక్షన్ ఎక్కడిది? దూలం గీసుకున్న తిన్నని గీతనే దారి అనుకోండి, బరువే బలం. బరువు పడ్డాక ఆ గీత నుంచి దూలం ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగిందో అదే డిఫ్లెక్షన్. ఇంజనీరు ‘డిఫ్లెక్షన్ ఎంత?’ అని అడుగుతాడు, అంకె కావాలి. రెండు చివర్లా ఊరికే ఆనించిన దూలం మీద బరువు సమంగా పరచి ఉంటే, నడుమ వచ్చే డిఫ్లెక్షన్ పొడవు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. మీటరుకు అదే బరువు, అదే దూలపు మందం ఉంచి పొడవు రెట్టింపు చేస్తే 16 రెట్లు దిగుతుంది. నేల దూలాల మీద మనుషులు, సామాన్ల బరువుకు పొడవులో 360వ వంతు మించకూడదన్నది నియమావళుల్లో తరచూ కనిపించే హద్దు. ఆ లెక్కన 3.6 మీటర్ల దూలానికి 10 మిల్లీమీటర్లు.

బెండ్ అన్నా ఇదే కదా అనిపించవచ్చు. బెండ్ ఆకారాన్ని చెబుతుంది, డిఫ్లెక్షన్ స్థానభ్రంశాన్ని చెబుతుంది. స్ప్రింగును నొక్కినప్పుడు అది ఎంత కుంచించుకుపోయిందో దాన్నీ డిఫ్లెక్షన్ అనే అంటారు, అక్కడ కంటికి కనిపించే వంపే లేదు. బరువు తీశాక కూడా మిగిలిపోయే వంపును మాత్రం పర్మనెంట్ సెట్ అని విడిగా చెబుతారు.

ఒక హెచ్చరిక. ఫిరంగి దళాల పరిభాషలో డిఫ్లెక్షన్ అంటే గురిపెట్టడంలో ఎడమ కుడులకు సంబంధించిన కోణం. కదిలే లక్ష్యానికి కాస్త ముందుగా గురిపెట్టడాన్ని డిఫ్లెక్షన్ షూటింగ్ అంటారు. గుండు దారి మార్చడమని అనువదిస్తే యుద్ధమే తారుమారవుతుంది.

ఏడో మెట్టు: మనుషుల మధ్య వాడేటప్పుడు స్వరం గమనించండి

ప్రశ్న, విమర్శ, నింద, ఒత్తిడి, శ్రద్ధ, పొగడ్త: డిఫ్లెక్ట్ వీటితో బాగా కలుస్తుంది. మొదటి మూడింటితో వస్తే కొంచెం నింద ధ్వనిస్తుంది. పొగడ్తతో వస్తే అణకువ ధ్వనిస్తుంది, మెచ్చుకోలు తన దగ్గర ఆగకుండా తోటివారి వైపు పంపారని.

ఇటీవలి సంభాషణల్లో కర్మ ఏదీ లేకుండానే ‘యు ఆర్ డిఫ్లెక్టింగ్’ అనడం పెరిగింది. తన ప్రవర్తన గురించి మాట వచ్చినప్పుడల్లా హాస్యమాడటం, ఎదుటివారి పాత తప్పులు తవ్వడం, విషయం మార్చడం దీని కిందికి వస్తాయి. గెస్టాల్ట్ థెరపీ అనే మానసిక చికిత్సా పద్ధతిలో, ఎదుటి మనిషితో నేరుగా కలవకుండా మాటల చాటున జారుకునే తీరుకు డిఫ్లెక్షన్ అన్నది స్థిరపడిన పేరు. ఎవరినైనా ముఖం మీద అలా అనేముందు ఆలోచించండి. అది అభియోగం, పరిశీలన కాదు.

ఎనిమిదో మెట్టు: తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒకే మాటకు అంటుకుపోవద్దు

ఇక్కడ నేను మొండిగా పట్టుబట్టే సంగతి ఒకటుంది. విమర్శలను డిఫ్లెక్ట్ చేయడాన్ని ‘తిప్పికొట్టడం’ అని రాయకండి. తిప్పికొట్టడమంటే ఎదురుగా నిలబడి, వాదనకు వాదన ఇచ్చి వెనక్కి పంపడం. డిఫ్లెక్ట్ చేసినవాడు ఆ పని చేయలేదనే కదా ఇంగ్లిష్ వాక్యం చెబుతోంది! అనువాదంలో అతనికి లేని ధైర్యం అంటగట్టినట్టవుతుంది. ‘తప్పుదారి పట్టించడం’ కూడా సరికాదు, అది మోసం.

ప్రశ్న అయితే ‘దాటవేశారు’, ‘మాట మార్చారు’. నింద అయితే ‘ఇతరుల మీదకు నెట్టారు’. దృష్టి అయితే ‘మళ్లించారు’. దెబ్బ అయితే ‘తప్పించారు’, బంతి అయితే ‘తగిలి దిశ మారింది’. పొగడ్త అయితే ‘ఆ ఘనత బృందానిదే అన్నారు’ అని వాక్యం మొత్తాన్ని తిప్పి రాయడం నయం. భౌతికశాస్త్ర పాఠమైతే అపవర్తనం. నిర్మాణ పనుల గురించి రాస్తుంటే డిఫ్లెక్షన్ అనే ఉంచి, ఒకసారి ‘దిగుడు’ అని వివరిస్తే చదువరికి చాలు.

తొమ్మిదో మెట్టు: పరీక్షించుకోండి

కింది సందర్భాలకు ఇంగ్లిష్ క్రియ ఏదో ముందు మీరు తేల్చుకుని, ఆ తరువాత జవాబు చూడండి.

వరద నీరు ఊరి మీద పడకుండా గట్టు వేసి మరో వాగులోకి పంపారు. దారి ముందే నిర్ణయించారు కాబట్టి డైవర్ట్.

ఎగిరి వచ్చిన రాయి హెల్మెట్‌కు తగిలి పక్కకు పోయింది. డిఫ్లెక్ట్, ‘ఆఫ్’తో.

అద్దం ఎండను ఎదుటి గోడ మీద వేసింది. ఎంత పక్కకు పోయినా రిఫ్లెక్టే.

ఉత్తరార్ధగోళంలో వీచే గాలులు భూభ్రమణం వల్ల కుడివైపు ఒరుగుతాయి. డిఫ్లెక్ట్, కర్మణి రూపంలో.

కంపెనీ తన సహాయ పుటల్లో జవాబులన్నీ పెట్టి, వినియోగదారుల ఫోన్లు సిబ్బంది దాకా రాకుండా చూసింది. ఆ రంగంవారు దీన్ని కాల్ డిఫ్లెక్షన్ అంటారు. ఫోన్ చేసి విసిగిపోయినవారు ఏమంటారన్నది వేరే సంగతి.

విలేఖరి ప్రశ్నకు నాయకుడు నవ్వి, ‘ఈ ప్రశ్న మీకు ఎవరు రాసిచ్చారు?’ అని ఎదురడిగాడు. జవాబు రాలేదన్నంత వరకే చెప్పదలిస్తే ఇవేడ్ చాలు. ప్రశ్న విలేఖరి మీదకే మళ్లిందని చూపాలంటే డిఫ్లెక్ట్ రాయండి.